తొమ్మిదింటి నడుమ తోడు... తర్వాత ఏమిటి?

కోఠీవాసి: మా ఇంటర్ జువాలజీ మాస్టారు బద్దెపురుగు శుక్రకణం మీద ఆటవెలది చెప్పేవారు. రెండో పాదం "తొమ్మిదింటి నడుమ తోడు నొకటి" అని గుర్తు. చివరి గణం మీదే అనుమానం. ఎవరైనా విన్నారా?

మల్కాజిగిరి శర్మ: "తోడు నొకటి" ఎలా కుదురుతుందండీ? ఉత్వసంధి నిత్యం, తోడొకటి కావాలి. అప్పుడు గణం చెడుతుంది. "తోడు లేదు" అయ్యుంటుంది. తొ-తో యతి ఎటూ ఉంది.

రమణి: పద్యం కుదిరింది గానీ పురుగు చెడింది! శుక్రకణం తోకలో నాళికల అమరిక కదా ఇది; చుట్టూ తొమ్మిది ఉండి నడుమ ఏమీ లేకపోతే 9+0. అది రక్తనాళాల్లో కాపురముండే షిస్టోసోమా అనే పురుగుకి. బద్దెపురుగుది 9+1: చుట్టూ తొమ్మిది జంట నాళికలు, మధ్యన ఒక్క లావుపాటి కడ్డీ. మనిషికైతే మధ్యన రెండు.

పద్మనాభం: శర్మగారి పాఠమే ఉంచండి. మధ్యనున్నదానికి తోడు లేదు, అంటే ఒంటిది. మనిషికున్న జంట దీనికి లేదని భావం.

శర్మ: లాగి పట్టుకొచ్చిన అర్థం. "మధ్యనున్నది" అనే మాట పాదంలో ఏదీ?

పద్మనాభం: పై పాదంలో ఉండొచ్చుగా.

శర్మ: వేమన దగ్గర చూడండి, చాలాచోట్ల పాదం దేనికది నిలబడుతుంది. ఆటవెలది సొగసే అది. బ్రౌన్ దొర తాళపత్రాలు పోల్చి 1829లో అచ్చేయించాడు. ఆయన ఓపికలో పావు వంతున్నా మనం ఇంత ఊహించం.

కోఠీవాసి: పై పాదం "ఈనె రెండు" అని మొదలవుతుంది.

రమణి: ఆక్సోనీమ్‌కి, అంటే ఆ నాళికల కట్టకి, ఈనె! భలే మాట. కానీ సిలబస్‌లోని బద్దెపురుగు టీనియాకి ఈనె ఒకటే. రెండున్నది చేపల ద్వారా వచ్చే బద్దెపురుగు డైఫిల్లోబోత్రియమ్‌కి. కణం తయారయ్యేటప్పుడు రెండు కశాభాలు (తోకలు) విడిగా మొలిచి, మడత పడి, నడిమి కణద్రవ్యపు కొమ్మకి అతుక్కుపోతాయి. అరవై నాలుగు కణాలు ఒకే గుత్తిగా పెరుగుతాయి. మాస్టారు సిలబస్ దాటి చెప్పారన్నమాట.

పద్మనాభం: అయితే ఒకటి ఉండాల్సిందే. "తోడుగొకటి" అంటే? గణం సరి, అర్థం సరి.

శర్మ: తోడుగన్ ద్రుతాంతం, చివర నకారం ఉంది. ఒకటి కలిస్తే "తోడుగ నొకటి" అవుతుంది, ఒక లఘువు ఎక్కువ. ద్రుతాన్ని ఎక్కడ దాచారండీ?

పద్మనాభం: పురుగు మైటోకాండ్రియాని దాచినచోటే. బద్దెపురుగు శుక్రకణంలో అదీ ఉండదట.

రమణి: ఉండదు. అది మాత్రం నిజం.