సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తుంటే మోకాలి నొప్పి: ముందు ఏది మార్చాలి?

ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. ఒకవైపు 9 కిలోమీటర్లు, మధ్యలో ఒక పొడవాటి ఫ్లైఓవర్. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుడి మోకాలి చిప్ప కింద నొప్పి. వాపు లేదు, మామూలుగా నడిస్తే ఏమీ అనిపించదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం తెలుస్తోంది.

సీటు మరీ కిందికి ఉంటే మోకాలికి ముందు వైపు, మరీ పైకి ఉంటే వెనక వైపు నొప్పి వస్తుందంటారు. అందుకే పెడల్ అడుక్కి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండేలా సీటు లేపాను. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. పైగా ఇప్పుడు సిగ్నల్ దగ్గర కాలు నేలకు సరిగ్గా అందడం లేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే ఒకటే టెన్షన్. ఆగినప్పుడల్లా సీటు మీంచి ముందుకు దిగి నిలబడాలట. ట్రాఫిక్‌లో ప్రతిసారీ అది కుదురుతుందా?

ఇంకో అనుమానం గేర్ల మీద. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బరువైన గేర్‌లోనే బలంగా తొక్కుతాను. తేలిక గేర్‌లో నిమిషానికి 80 చుట్లు తిరిగేలా తొక్కితే మోకాలి మీద భారం తగ్గుతుందని చదివాను. అలా తొక్కితే నాకు ఆయాసం వస్తోంది. అలవాటయ్యే దాకా ఓపిక పట్టాలా? లాప్‌టాప్ బ్యాగు వీపు మీదే ఉంటుంది. దాన్ని క్యారియర్‌కి మారిస్తే మోకాలికి ఏమైనా తేడా ఉంటుందా, లేక చెమట తగ్గడం వరకేనా?

డాక్టర్‌ని ఎలాగూ కలుస్తాను. రోజూ తొక్కేవాళ్లు ముందు ఏది మార్చి చూడమంటారు: సీటు ఎత్తా, దాన్ని కాస్త వెనక్కి జరపడమా, గేరా? సైకిల్ మానేసి బండి కొనుక్కోమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లో రోజూ వింటున్నాను.