ఇషిగురో ‘బరీడ్ జెయింట్’: అభిమాన రచయిత బోల్తా పడ్డాడా, మనమే తప్పుగా చదివామా?

మలిపేజీ:
ముందే చెబుతున్నా, ఇందులో చివరిదాకా కథ బయటపడుతుంది. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కజువో ఇషిగురో అంటే నాకు పిచ్చి. ‘రిమెయిన్స్ ఆఫ్ ద డే’ మూడుసార్లు చదివాను. 2005లో ‘నెవర్ లెట్ మీ గో’ వచ్చాక ఇంకో నవల కోసం పదేళ్లు ఆగాల్సొచ్చింది. 2015లో ఇది వచ్చింది. ఆర్థర్ రాజు పోయిన కొన్నేళ్ల తర్వాతి బ్రిటన్. దేశమంతా ఏదో పొగమంచు కమ్ముకుని ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఏదీ గుర్తుండదు, పొద్దున జరిగింది సాయంత్రానికి చెరిగిపోతుంది. ఏక్సెల్, బియాట్రిస్ అనే ముసలి దంపతులు, ఏ ఊళ్లో ఉన్నాడో కూడా సరిగా తెలియని కొడుకును చూడటానికి కాలినడకన బయల్దేరతారు.

వినడానికి ఎంత బాగుంది! చదివితే మాత్రం ఉప్పు వెయ్యని పప్పు. రైతు, యోధుడు, సన్యాసి, అందరూ ఒకే గొంతుతో, ఒకే మర్యాదతో మాట్లాడతారు. ఏక్సెల్ నోరు తెరిస్తే భార్యను ‘ప్రిన్సెస్’ అంటాడు. లెక్కపెట్టడం మొదలుపెట్టి విసుగొచ్చి మానేశాను. ఆ మంచుకు కారణం క్వెరిగ్ అనే ఆడ డ్రాగన్ ఊపిరి అని చెప్పి మూడొందల పేజీలు నడిపిస్తాడు. తీరా చూస్తే గుంటలో పడుకుని కదల్లేని ముసలి జీవి! నా లెక్కలో ఇది ఫెయిల్. మీరేమంటారు?

గోదారిగట్టు:
మలిపేజీ గారూ, ‘ప్రిన్సెస్’ మీద అంత కోపం ఎందుకండీ? మా తాతయ్య జీవితమంతా మా బామ్మను ‘ఏమేవ్’ అనే పిలిచాడు. వినే భాగ్యం లేనివాళ్లం, కాస్త విననివ్వండి.

సరదాకి అన్నాలెండి. నాకైతే ఆ పిలుపు రానురాను భయం పుట్టించింది. వాళ్లిద్దరికీ తమ పెళ్లిలో ఏం జరిగిందో గుర్తులేదు. పట్టుకోవడానికి మిగిలింది ఆ ఒక్క పిలుపే, అందుకే వదలడు. తర్వాత మంచు తొలుగుతుంది. ఒకప్పుడు బియాట్రిస్ వేరొకరి దగ్గరికి వెళ్లిందని, కొడుకు అలిగి ఇల్లు వదిలి ప్లేగుతో పోయాడని, వాడి సమాధి దగ్గరికి కూడా ఏక్సెల్ ఆమెను పోనివ్వలేదని బయటపడుతుంది. అది తెలిసి వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయం చదవండి. ఆ ‘ప్రిన్సెస్’ వేరేలా వినిపిస్తుంది.

సగంలో వదిలేసినవాడు:
రెండోసారి చదివితేనే బాగుంటుందంటే, మొదటిసారి చదివించే బాధ్యత ఎవరిది?

నేను డ్రాగన్ల కోసమే ఫాంటసీ చదివేవాణ్ని. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, చిత్రా గారి బొమ్మలు చూస్తూ పెరిగిన బ్యాచ్. నెల ఎప్పుడవుతుందా అని కూర్చునేవాళ్లం. ఇక్కడ ఆర్థర్ కొలువులోని ముసలి యోధుడు సర్ గవైన్, సాక్సన్ యోధుడు విస్టన్ కత్తులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడి పేజీలకు పేజీలు మర్యాదగా మాట్లాడుకుంటారట. పోరాటం మాత్రం రెండు క్షణాల్లో అయిపోతుందట. అక్కడిదాకా నేను వెళ్లలేదు, మా తమ్ముడు చెప్పాడు.

గోదారిగట్టు:
అది పాత సమురాయ్ సినిమాల పద్ధతి బ్రదర్. చూపులు చాలాసేపు, దెబ్బ ఒక్కటే. మన సినిమాల్లో మొదటి గుద్దుకే పదిమంది గాల్లోకి లేవాలి కదా, మనకు అలవాటు లేదు.

తెల్లకాగితం:
అసలు గొడవ ఇంకోటి ఉంది. పుస్తకం వచ్చే ముందు ఒక ఇంటర్వ్యూలో ఇషిగురో, పాఠకులు నా వెంట వస్తారా, పైపై హంగులు చూసి ఇది ఫాంటసీ అనేస్తారా అని సందేహం వెలిబుచ్చారు. అమెరికన్ ఫాంటసీ రచయిత్రి అర్సులా లె గ్విన్‌కు ఒళ్లు మండింది. అనకేం చేస్తారు, అంటే తప్పేమిటి అన్నట్టు తన బ్లాగులో దులిపేసింది. జీవితమంతా ఫాంటసీకి సాహిత్య గౌరవం కోసం పోట్లాడిన మనిషి, ఆమె బాధ నాకు అర్థమవుతుంది. తర్వాత ఆయన, నేను డ్రాగన్ల పక్షమే అన్నారు. ఆవిడ కూడా తొందరపడ్డానని ఒప్పుకుంది.

నేను మాత్రం ఇప్పటికీ ఆవిడ మొదటి మాట దగ్గరే ఉన్నా. డ్రాగన్ను తెచ్చి, దాన్ని మంచానపడ్డ రోగిని చేసి, ఇది అసలు డ్రాగన్ గురించి కాదులే అన్నట్టు నవ్వడం నాకు నచ్చలేదు. ఫాంటసీ రాసేవాడు తన లోకాన్ని ముందు తను నమ్మాలి. మొదట్లో రాసిన పేజీలు చూసి ఆయన భార్య లోర్నా ఇది పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టమందట. ఇంకోసారి కూడా చెప్పి ఉంటే బాగుండేది.

మలిపేజీ:
నా మాటే ఇంకా బాగా చెప్పారు. థ్యాంక్స్.

మెట్టబావి:
ఒక ముచ్చట చెప్తా, నవలకు దూరం కాదు.

ఆ డ్రాగన్ ఊపిరికి మంత్రం వేసింది ఆర్థర్ కొలువులోని మాంత్రికుడు మెర్లిన్, ఆర్థర్ మనుషుల కోసం. సాక్సన్ పల్లెల్లో ఆడవాళ్లను, పిల్లలను ముట్టొద్దని ఒప్పందం చేసుకుని, ఆర్థర్ సైన్యం దాన్ని తుంగలో తొక్కి నరికేసింది. ఆ సంగతి మర్చిపోతేనే బ్రిటన్లు, సాక్సన్లు రెండు జాతులూ పక్కపక్కన బతకగలవని ఆ మంచు. డ్రాగన్ను చంపడానికి వచ్చానని చెప్పుకునే గవైన్ నిజానికి దానికి కాపలా. ఒకప్పుడు ఆ ఒప్పందాన్ని ఊరూరా మోసుకెళ్లిందేమో మన ఏక్సెలే.

మా అమ్మమ్మ వాళ్లది బీదర్ వైపు పల్లె. రజాకార్ల సంగతి అడిగితే పొద్దుపోయేదాకా చెప్పేది. 1948 సెప్టెంబర్లో పోలీసు చర్య అయినంక ఊళ్లో ముస్లింల ఇండ్లకు ఏమైందని అడిగితే మాత్రం, ‘పాత ముచ్చట్లు ఎందుకు బిడ్డా’ అని లేచిపోయేది. ఆ చర్య తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి జనం చేతికి రాలేదు. ఆ పల్లెలో మిగిలినవాళ్లు మళ్లీ ఒకే బావిలో నీళ్లు తోడుకున్నరు. మర్చిపోయి తోడుకున్నరా, మర్చిపోయినట్టు ఉండి తోడుకున్నరా, నాకు తెల్వదు.

డ్రాగన్ ముసలిదే ఎందుకయ్యిందంటే, అట్లాంటి మరుపు ఎంతోకాలం నిలవదు కనుక. విస్టన్ దాన్ని చంపకున్నా నాలుగు రోజుల్లో అదే పోయేది. విస్టన్ ఎడ్విన్ అనే చిన్న పిల్లగానితో, బ్రిటన్లందరినీ ద్వేషిస్తానని మాట తీసుకుంటడు చూడండి, అక్కడ నాకు చెమట పట్టింది. ఈ పిల్లగాళ్లను మనం చూస్తలేమా?

మలిపేజీ:
మెట్టబావి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ నన్ను కదిలించింది మీ అమ్మమ్మ, ఇషిగురో కాదు. ‘పాత ముచ్చట్లు ఎందుకు బిడ్డా’ అన్న ఆ ఒక్క మాటలో ఉన్న ప్రాణం నవలలో ఎవరి నోటా నాకు వినపడలేదు. ఆలోచన గొప్పదైతే నవల గొప్పదైపోదు కదండీ.

మెట్టబావి:
అది నిజమే. మనుషులు చల్లగున్నరు. అయితే ఈ పుస్తకం చదివిన తర్వాతనే నాకు అమ్మమ్మ మాట మళ్లీ యాదికొచ్చింది. అంతకుముందు ఇరవై ఏండ్లు రాలేదు.

తెల్లకాగితం:
దీనికి నా దగ్గర జవాబు లేదు. గవైన్ ఒంటరిగా గొణుక్కునే ఆ రెండు అధ్యాయాలు మాత్రం అనవసరం, అది వదలను.

గోదారిగట్టు:
పడవవాడి సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇది మన వైతరణి కదా! మన గరుడపురాణం నదికి ఆవుతోక పట్టుకోవాలి. ఇక్కడ ద్వీపానికి మొగుడూ పెళ్లాం కలిసి వెళ్లాలంటే ఇద్దరినీ విడివిడిగా అడుగుతాడు, మీ జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకం ఏదని. ప్రేమ నిజమని తేలితే కలిసి, లేకపోతే ఒక్కొక్కరుగా. అసలు ఏమీ గుర్తులేనివాళ్లు ఏం చెబుతారు? పుస్తకం పొడుగునా నన్ను పట్టుకున్న టెన్షన్ ఇదే, డ్రాగన్ కాదు.

సగంలో వదిలేసినవాడు:
చివరికి కలిసి వెళ్లారా లేదా? మా తమ్ముడు ఇది చెప్పలేదు.

గోదారిగట్టు:
అలలు పెద్దగా ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరిని తీసుకెళ్తానంటాడు పడవవాడు. మళ్లీ వస్తాడని బియాట్రిస్ నమ్ముతుంది. ఏక్సెల్ పడవ దిగి నీళ్లలో నడుచుకుంటూ ఒడ్డువైపు వెళ్లిపోతాడు, పడవవాడి వైపు చూడకుండా. ఆ చివరి అధ్యాయం చెప్పేది కూడా పడవవాడే.

మలిపేజీ:
అతను ఒడ్డున నిలబడి ఎదురుచూస్తాడని నేను అనుకున్నాను. మా ఆవిడ మాత్రం, ఇక రాడు, సమాధి సంగతి గుర్తొచ్చాక ఆమె మొహం చూడలేకే వెళ్లిపోయాడు అంది. పోయిన ఆదివారం దీని మీదే భోజనం చల్లారిపోయింది.

సగంలో వదిలేసినవాడు:
నచ్చని పుస్తకం మీద భోజనం చల్లారబెట్టుకున్నారా? సరే, 140వ పేజీ దగ్గర ఆపాను, రేపటి నుంచి మళ్లీ మొదలుపెడతా.