‘పచ్చి’ ఉర్లగడ్డ (బంగాళాదుంప) విషమా?

(నెల్లూరు నుంచి)
“పచ్చి బంగాళాదుంప విషం, తినొద్దు” అని ఒక ఫార్వర్డ్ మా బంధువుల గ్రూపులో తిరుగుతోంది. అది చదివి మా పిన్ని, “పచ్చిది ఎవరు తింటారు, ఉడకబెట్టుకునే కదా తినేది” అని కొట్టిపారేసింది. ఆమె తప్పేమీ లేదు. ఇంగ్లీషులో గ్రీన్ అని ఉన్నదాన్ని ఎవరో పచ్చి అని దించేశారు. తెలుగులో పచ్చి అంటే కాగనిది, పండనిది, ఆరనిది. పచ్చి పాలు, పచ్చి మామిడి, పచ్చి పుండు అంటాం. వీటిలో రంగు ఊసే లేదు. అసలు సంగతేమో వెలుతురు తగిలి తొక్క రంగు మారిన గడ్డ. అందులో పెరిగే సొలనిన్, చకోనిన్ అనే విషాలు మరిగే నీళ్లకు నశించవు. ఉడికించాం కదా అని ధీమాగా తింటే వాంతులు, కడుపునొప్పి పట్టుకోవచ్చు. “పచ్చ ఉర్లగడ్డ” అంటే సరిపోతుందా?

(ఒంగోలు నుంచి)
పచ్చ అన్నా చిక్కే, అన్నా. పచ్చకామెర్లకు కళ్లు ఏ రంగులో ఉంటాయి? పసుపుకీ ఆకుకీ మనకు ఒకటే పచ్చ. పైగా దుంప లోపల మామూలుగానే లేత పసుపు. “తొక్క ఆకుపచ్చగా తిరిగిన దుంప” అని పూర్తిగా చెప్పాల్సిందే. ఇక ఉర్లగడ్డ అంటారా, ఎర్రగడ్డ, తెల్లగడ్డల సరసన మీకు ఇదీ గడ్డే. అరవంలో ఉరుళైక్కిళంగు అంటారుగా, ఆ గాలి మీకు తగిలింది. మాకు బంగాళాదుంపే.

(ఆత్మకూరు నుంచి)
మా వంగతోటలో అక్షింతల పురుగు ఆకును గీకి తినేసి ఈనెలు మిగులుస్తుంది. అదే పురుగు ఉర్లగడ్డ ఆకునూ వదలదట. ఆ ఆకులోనూ విషం ఉంటుంది కదా, దానికేం కాదా?

(కావలి నుంచి)
దానికి ఆ చేదు విషం అడ్డు కాదు. వంగ, టమాటా, ఉర్లగడ్డ అన్నీ సొలానమ్ అనే ఒకే ప్రజాతి మొక్కలే, దానికి అన్నీ ఒకే ఇంటి వంట. పురుగు శాస్త్రనామంలో విగింటియోక్టోపంక్టాటా అంటే 28 చుక్కలది అని. మన అక్షింతలు అందులోనూ ఉన్నాయి, లెక్కపెట్టి మరీ.

గడ్డా దుంపా అనేదానికంటే నాకు ‘కన్ను’ అన్న మాట ముఖ్యం. చెరకు గడకు కళ్లున్నట్టే ఉర్లగడ్డకూ ఉన్నాయి, మొలక అక్కడే వస్తుంది. అంటే అది వేరు కాదు, నేలలో ఊరిన కాండం. అందుకే వెలుతురు పడగానే పత్రహరితం పుడుతుంది. ఆ రంగుతో ప్రమాదం లేదు, కానీ అదే వెలుతురుకు విషం కూడా పెరుగుతుంది. తొక్క కింద, కళ్ల చుట్టూ, మొలకల్లో ఎక్కువ. కిలో గడ్డలో 200 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. చేదు తగిలితే మాత్రం లెక్కలు చూడక్కర్లేదు, పారేయడమే.

పేరు సంగతి ఇంకో తమాషా. 1596లో గాస్పార్ బౌహిన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని ‘సొలానమ్ ట్యూబరోసమ్’ అన్నాడు, తర్వాత 1620లో ‘సొలానమ్ ట్యూబరోసమ్ ఎస్క్యులెంటమ్’ అన్నాడు. చివరి మాటకు తినదగినది అని అర్థం. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త మొక్కల పేర్లకు రెండు మాటల పద్ధతి పెట్టి ఆ మూడోది ఎగరగొట్టాడు.

అన్నట్టు, ‘పచ్చి’ సరిగ్గా అతికే మొక్క ఈ కుటుంబంలోనే ఉంది. కామంచి, సొలానమ్ నైగ్రమ్. నల్లగా పండిన పళ్లు పిల్లలు కోసుకు తింటారు. పచ్చి కాయల్లోనే సొలనిన్ ఎక్కువ. అక్కడ పచ్చి అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.