వీసా స్టాంప్ సెప్టెంబర్‌తో ఆఖరు, ఐ-94 డిసెంబర్ దాకా ఉంది. అమ్మానాన్న ఏప్రిల్ వరకు ఉండాలంటే?

ప్లేనో_పారిజాతం:

నమస్తే అండి. అమ్మానాన్న జూన్ 12న డాలస్‌లో దిగారు, బీ-2 (విజిటర్ వీసా) మీద. పదేళ్ల వీసా స్టాంప్ సెప్టెంబర్ 30తో అయిపోతుంది. నాన్నగారి ఐ-94 (ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు)లో డిసెంబర్ 11 అని ఉంది. అమ్మది వెబ్‌సైట్‌లో వెతికితే రికార్డే లేదంటోంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది.

మార్చి రెండో వారంలో చెల్లి డెలివరీ. అది అయ్యాక ఏప్రిల్ ఆఖరుకి వెళ్దామని వాళ్ల ఆలోచన. సెప్టెంబర్ 30 దాటితే ఓవర్‌స్టే అవుతుందా? మెక్సికో వెళ్లొస్తే ఇంకో ఆరు నెలలు కొడతారని తెలిసినవాళ్లు చెబుతున్నారు, నిజమేనా? గడువు పొడిగింపుకి పెట్టే ఐ-539 ఫారం నేనే నింపొచ్చా, లాయర్ ఉండాలా? నాన్నగారి పాస్‌పోర్ట్ ఫిబ్రవరి 20 వరకే ఉంది. ఆయన రైల్వే పెన్షనర్, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి.

కాగితాలపులి:

ముందు వీసాని, ఐ-94ని విడదీసి చూడండి. వీసా స్టాంప్ గుమ్మం దాటడానికి. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. సెప్టెంబర్ 30న స్టాంప్ చచ్చిపోయినా డిసెంబర్ 11 దాకా వాళ్లు చట్టబద్ధంగానే ఉన్నట్టు. స్టాంప్‌ని అమెరికాలో కూర్చుని రెన్యూ చేయించుకోవడం బీ-2 వాళ్లకి కుదరదు, ఇప్పుడు అవసరమూ లేదు. మీరు పొడిగించాల్సింది ఐ-94నే.

అమ్మగారి రికార్డు దొరక్కపోవడానికి కారణం దాదాపుగా పేరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మొత్తం పేరు తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో వేస్తారు, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని మూడక్షరాలు కొడతారు. సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) ఐ-94 సైట్‌లోనూ అలాగే వెతకండి: లాస్ట్ నేమ్‌లో పూర్తి పేరు, ఫస్ట్ నేమ్‌లో ఎఫ్‌ఎన్‌యూ. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే నంబర్ మాత్రం దిగినప్పుడు చూపించిన కొత్త పాస్‌పోర్టుదే ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో ఉన్న సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ వాళ్లని సంప్రదించండి, తప్పులు దిద్దేది వాళ్లే. ఇద్దరూ ఒకే కౌంటర్ దగ్గర నిలబడ్డారు కదా, నాన్నగారి తేదీయే అమ్మదీ అనుకోవద్దు. ఒకరికి ఆరు నెలలు, రెండోవారికి పాస్‌పోర్ట్ గడువు వరకే ఇచ్చిన సందర్భాలుంటాయి. ఎవరి ప్రింటు వాళ్లది తీసి దాచండి.

మెక్సికో మాట వదిలేయండి. మెక్సికో వాళ్లు ఇండియన్ పాస్‌పోర్టుని వేరే వీసా లేకుండా రానిచ్చేది చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చూసే. స్టాంప్ అయిపోయాక ఆ దారీ లేదు. 30 రోజుల్లోపు కెనడా, మెక్సికో వెళ్లి పాత స్టాంప్‌తోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు ఒకటుంది గానీ, అందులో పాత ఐ-94తోనే లోపలికి వస్తారు. డిసెంబర్ 11 డిసెంబర్ 11గానే ఉంటుంది. కొత్త తేదీ కావాలంటే కొత్త స్టాంప్ చూపించాల్సిందే.

సీమ_టు_సియాటిల్:

ఐ-539 సంగతి నేను చెబుతాను. మామూలు కేసుకి లాయర్ అక్కర్లేదు. గతంలో ఓవర్‌స్టే, వీసా రిజెక్షన్, పోలీసు కేసు లాంటివి ఉంటే మాత్రం అడగండి.

తేదీ: అప్లికేషన్ డిసెంబర్ 11లోపు యూఎస్‌సీఐఎస్‌కి (ఇమిగ్రేషన్ శాఖ) *చేరాలి*. పోస్టులో వేసిన తేదీ లెక్కలోకి రాదు. కనీసం 45 రోజుల ముందు పెట్టమని వాళ్ల సలహా, అంటే మీకు అక్టోబర్ 27. దిగిన నెలన్నరకే పెడితే ఇంకో రకం చిక్కు: ఎయిర్‌పోర్టులో ఆరు నెలలని చెప్పి మనసులో ఏడాది పెట్టుకుని వచ్చారేమోనని అనుమానిస్తారు. అక్టోబర్ మొదటి రెండు వారాలు సరిపోతాయి.

ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. బయోమెట్రిక్స్‌కి విడిగా కట్టే 85 డాలర్లు తీసేశారు. కట్టే రోజు సైట్‌లో ఫీజు పేజీ ఒకసారి చూసుకోండి, తక్కువ కడితే మొత్తం కట్ట వెనక్కి వస్తుంది, ఈలోపు గడువు దాటిపోతుంది. కాగితం మీద పంపేవాళ్లు చెక్కు పెట్టొద్దు, ఇప్పుడు కార్డు ఫారం జీ-1450 గానీ, బ్యాంకు ఖాతా నుంచి లాగే జీ-1650 గానీ జత చేయాలి. నా ఓటు ఆన్‌లైన్‌కే. నొక్కిన రోజే రసీదు తేదీ పడుతుంది. అప్‌లోడ్ చేసే ఒక్కో ఫైలు 12 ఎంబీ దాటకూడదు, ఫోన్‌లో తీసిన ఫొటోలు తిన్నగా పెడితే అక్కడే ఆగిపోతుంది.

భార్యాభర్తలు ఒకే అప్లికేషన్‌లో రావచ్చు, ఫీజు ఒకటే. కాగితం మీదైతే రెండోవారికి ఐ-539ఎ జత చేయాలి, దాని మీద వాళ్ల సొంత సంతకం ఉండాలి. మీ కేసులో నాన్నగారికి పాస్‌పోర్ట్ తకరారు ఉంది కాబట్టి విడివిడిగా పెడితే ఒకరి క్వెరీకి రెండోవారు ఆగిపోరు. ఇంకో 420 పోతుంది, అంతే.

అన్నట్టు మీరు ఫారం నింపితే ప్రిపేరర్ గడిలో మీ పేరు, సంతకం ఉండాలి. అమ్మకి ఇంగ్లిష్ రాకపోతే, ఆవిడకి చదివి వినిపించినవాళ్లు ఇంటర్‌ప్రెటర్ గడి నింపాలి. చాలామంది ఈ రెండూ ఖాళీగా వదిలేసి అమ్మే స్వయంగా నింపుకున్నట్టు పంపిస్తారు. అది అబద్ధం కిందకి వస్తుంది.

జత చేయాల్సినవి: ఐ-94, పాస్‌పోర్ట్ మొదటి ఆఖరి పేజీలు, వీసా పేజీ, తిరుగు టికెట్ (ఏప్రిల్ ఆఖరు తేదీకి మార్చినది), నాన్నగారి పెన్షన్ స్లిప్పులు, ఇద్దరి బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీరు ఖర్చు పెడుతుంటే ఐ-134 (ఖర్చు భరిస్తామనే ఫారం)తో పాటు మీ ఉద్యోగ లెటర్, పే స్టబ్స్. ఇన్ని వేల డాలర్లు ఉండి తీరాలని గీత ఏమీ లేదు. రూపాయల మొత్తం పక్కన డాలర్లలో ఎంతో ఒక ముక్క రాయండి, చూసేవాళ్లకి లక్షలు, కోట్ల కామాలు అర్థం కావు. ఊళ్లో ఇల్లు, పొలం ఉన్నట్టు చూపిస్తే మంచిది. తెలుగులో ఉన్న పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు అయితే ఇంగ్లిష్ అనువాదం కావాలి. నోటరీ అవసరం లేదు. అనువదించినవాళ్లు తమకి రెండు భాషలూ వచ్చునని, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని రాసి సంతకం చేస్తే చాలు.

పాస్‌పోర్ట్: అడిగిన తేదీ దాకా చెల్లాలి. ఫిబ్రవరి 20 పాస్‌పోర్టుతో ఏప్రిల్ 30 అడిగితే అక్కడే ప్రశ్న వస్తుంది. టెక్సాస్ హ్యూస్టన్ కాన్సులేట్ కిందకి వస్తుంది, రెన్యువల్ వీఎఫ్ఎస్ (కాన్సులేట్ తరఫున అప్లికేషన్లు తీసుకునే సంస్థ) ద్వారా. ఇప్పుడే మొదలుపెట్టండి. పాత పాస్‌పోర్ట్ పారేయొద్దు.

ప్లేనో_పారిజాతం:

అమ్మది దొరికింది! ఎఫ్‌ఎన్‌యూ వేస్తే వచ్చింది, అదే డిసెంబర్ 11. చాలా థ్యాంక్స్ అండి. ఇంకో రెండు సందేహాలు. కారణం లెటర్‌లో "డెలివరీ అయ్యాక చెల్లి ఉద్యోగానికి వెళ్తుంది, పాపను అమ్మ చూసుకుంటుంది" అని రాయొచ్చా? డిసెంబర్ 11కి జవాబు రాకపోతే వాళ్ల పరిస్థితేంటి?

కాగితాలపులి:

అలా రాస్తే కేసుని మీరే పాడు చేసుకున్నట్టు. జీతానికి పెట్టుకోవాల్సిన ఆయా పనికి అమ్మని తెచ్చుకున్నారని చదువుతారు, అది బీ-2 మీద వచ్చి చేసే పని కాదు. మాటలు మార్చి దాచమని కాదు నేననేది. నిజంగానే ఆవిడ ఉండేది పాపను రోజంతా చూసుకోవడానికే అయితే ఆ ప్లానే మార్చుకోవాలి. కూతురి డెలివరీకి తల్లి దగ్గరుండటం, మనవరాల్ని చూసుకుని వెళ్లడం మాత్రం కుటుంబాన్ని చూడ్డానికి రావడమే.

లెటర్ ఒక పేజీ చాలు. నాలుగు సంగతులు రావాలి: మొదట ఆరు నెలలకే ఎందుకు వచ్చారు, తర్వాత ఏం మారింది, ఏ తేదీకి వెళ్తారు, అప్పటిదాకా ఖర్చు ఎవరిది. రెండోది గట్టిగా ఉండాలి. ఉదాహరణకి: "జూన్‌లో వచ్చేటప్పటికి మా చిన్నమ్మాయి గర్భవతి అని తెలియదు. డెలివరీ తేదీ మార్చి రెండో వారమని డాక్టర్ చెప్పారు, లెటర్ జత చేశాం. ఏప్రిల్ 28న హైదరాబాద్ టికెట్ ఉంది." మార్చి డెలివరీ అంటే మీ లెక్క సరిపోతుంది, అదే నిజమైతే అదే రాయండి. తేదీ విషయంలో దురాశ వద్దు. ఆరు నెలలు అడగొచ్చు కదా అని జూన్ దాకా అడిగి, కారణం ఏప్రిల్‌తో ముగిస్తే లెటర్‌కీ ఫారానికీ పొంతన ఉండదు.

రెండోది. గడువులోపు పెట్టి, కేసు పెండింగ్‌లో ఉన్నంతకాలం డిసెంబర్ 11 దాటినా ఉండొచ్చు. ఆ రోజుల్ని అక్రమ నివాసం కింద లెక్కపెట్టరు, ఉద్యోగం లాంటిది చేయకపోతే. ఐ-797సీ రసీదు పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. జవాబుకి నెలలు పట్టొచ్చు, బీ-2 పొడిగింపుకి ప్రీమియం ప్రాసెసింగ్ లేదు. వాళ్లు విమానం ఎక్కేశాక అప్రూవల్ రావడమూ మామూలే.

తిరస్కరిస్తే అసలు కథ. ఫిబ్రవరి 10న డినయల్ వచ్చిందనుకోండి, ఫిబ్రవరి 11 నుంచి అక్రమ నివాసం రోజులు మొదలు. 180 రోజులు దాటి వెళ్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. దాన్ని పట్టుకుని "ఇంకా ఆరు నెలలు టైముంది" అని చెప్పేవాళ్లుంటారు. లేదు. బీ-2కి గ్రేస్ రోజులంటూ ఏమీ లేవు, దొరికిన మొదటి విమానానికి వెళ్లిపోవాలి. అందుకే టికెట్ డబ్బు పోకుండా తేదీ మార్చుకునే రకం తీసుకోండి.

ఇంకొకటి. అడిగిన ఏప్రిల్ 30 వచ్చేసినా కేసు తేలలేదు, వాళ్లు ఇంకా ఉండాలి అంటే, ఏప్రిల్ 30లోపు మరో ఐ-539 పడాలి. మొదటిది పెండింగ్ కదా అని ఊరుకుంటే కుదరదు.

లెక్కల_మాస్టారు:

అందరూ ఇమిగ్రేషనే చూస్తున్నారు, టాక్స్ చూడరు. జూన్ 12 నుంచి లెక్కపెట్టండి: జూన్‌లో 19, జులై, ఆగస్టు 31 చొప్పున, సెప్టెంబర్ 30, అక్టోబర్ 31, నవంబర్ 30. అంటే 172. డిసెంబర్ 11కి సరిగ్గా 183. దిగిన రోజూ, ఎక్కిన రోజూ లెక్కే. ఒకే క్యాలెండర్ సంవత్సరంలో 183 రోజులు నిండితే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో వాళ్లు ఆ ఏడాదికి టాక్స్ రెసిడెంట్లు. ఇండియాలో పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కూడా ఇక్కడి లెక్కలోకి వస్తాయి. ఇండియా బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే రిపోర్టు) కూడా ఫైల్ చేయాలి. 183 లోపున్నవాళ్లకి 8840 ఫారంతో తప్పించుకునే దారి ఉంది, 183 నిండినవాళ్లకి అది లేదు. ఇండియా-అమెరికా టాక్స్ ఒప్పందం ప్రకారం ఇల్లూ వాకిలీ ఇండియాలోనే అని చూపించి, 8833 ఫారంతో నాన్-రెసిడెంట్‌గా ఫైల్ చేయొచ్చు. ఒక సీపీఏకి (అకౌంటెంట్) చూపించండి. చాలామందికి కట్టాల్సింది ఏమీ ఉండదు, కాగితం మాత్రం వేయాలి.

విజిటర్ ఇన్సూరెన్స్ డిసెంబర్ దాకానే తీసుకుని ఉంటారు. తీరకముందే పొడిగించండి. తీరిపోయాక తీసుకుంటే అది కొత్త పాలసీ. నవంబర్‌లో బయటపడిన బీపీ జనవరిలో పాత జబ్బు అయిపోతుంది, డబ్బులు రావు.

నాన్నగారి లైఫ్ సర్టిఫికెట్ హ్యూస్టన్ కాన్సులేట్‌లో ఇస్తారు. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి ఇచ్చిన రోజుల్లోనే నవంబర్ వస్తే చేతిలో పాస్‌పోర్ట్ ఉండదు. కాబట్టి రెన్యువల్‌కి పంపే ముందు ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి, పెన్షన్ ఇచ్చే బ్యాంకుకి ముందే మెయిల్ కొట్టండి.

సీమ_టు_సియాటిల్:

ఆఖరుగా స్టాంప్ సంగతి. ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో (కాగితాలు ఇచ్చేసి రావడమే) బీ-2 రెన్యూ కావాలంటే 2025 సెప్టెంబర్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం పాత వీసా తీరిన 12 నెలల్లోపే అప్లై చేయాలి. మీవాళ్లకి తీరేది సెప్టెంబర్ 30. ఏప్రిల్ ఆఖరుకి హైదరాబాద్ చేరితే చేతిలో ఐదు నెలలు. "ఇప్పుడే వచ్చాం కదా, రెండేళ్లాగి చూద్దాం" అని ఊరుకుంటే నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ లైన్‌లో నిలబడాలి. అప్లై చేసేటప్పుడు ఐ-797సీ, ఎక్కిన రోజు బోర్డింగ్ పాసులు చేతిలో ఉండాలి. ఐ-94 తేదీ దాటి ఎందుకున్నారని అడిగితే చూపించేవి అవే. బోర్డింగ్ పాసులు విమానంలో సీటు జేబులో వదిలేసి రాకుండా ముందే చెప్పండి అమ్మకి.