సామెతను పేరాగా విస్తరించడం: ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’

ప్రశ్న: తొమ్మిది, పదో తరగతి పిల్లలకు సామెత ఇచ్చి పేరా రాయమంటే మొదటి రెండు వాక్యాల్లో అర్థం చెప్పేస్తారు. ఆ తర్వాత అదే సంగతిని మాటలు మార్చి తిప్పి తిప్పి రాస్తారు. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ను తీసుకుని, వంద మాటల పేరా ఎలా కట్టించాలో ఎవరైనా వివరంగా చెప్తారా?

ఒకటో సమాధానం: మాస్టారూ, అర్థంతో మొదలుపెట్టడం దగ్గరే చిక్కంతా ఉంది. ‘మేలు చేసినవారిని మరవడం’ అని మొదటి వాక్యంలోనే రాసేశాక పిల్లవాడికి చెప్పడానికి ఏం మిగులుతుంది? ముందు సామెతలోని దృశ్యాన్ని విప్పించండి. ఏరు దాటాల్సిన అవసరం ఎవరిది? తెప్ప లేకపోతే దాటగలడా? దాన్ని తగలేస్తే నష్టం ఎవరికి? ఈ మూడో ప్రశ్నలోనే అసలు సరుకుంది. వెనక వచ్చేవాళ్లకు దారి పోయింది, తిరిగి వెళ్లాల్సిన రోజున తనకూ దారి లేదు. ‘కృతఘ్నత’ అన్న ఒక్క మాటలో ఈ సంగతి రాదు.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ను పక్కన పెట్టి చూడండి. అక్కడ మారింది పిలుపూ మర్యాదే, ఓడకేం కాలేదు. ఇక్కడ దాటించిన సాధనమే బూడిదైపోయింది. పిల్లవాడు రాసిన పేరా పైన సామెతను చెరిపేసి మల్లయ్య సామెతను పెట్టి చదవండి. అదీ చక్కగా అతికిపోతే, పేరా ఇంకా ఈ సామెతది కాలేదన్నమాట.

కొలత అంటారా, వందలో దృశ్యానికి పాతిక మాటలు, భావానికి ఒక్క వాక్యం, మిగతాదంతా ఉదాహరణకూ దాని ఫలితానికీ. ఉదాహరణ మాత్రం ఒక్కటే ఉండాలి. మూడు పెడితే ‘శిష్యుడు గురువును, కొడుకు తల్లిదండ్రులను, నాయకుడు ఓటర్లను’ అని జాబితా తయారవుతుంది, ఒక్కటీ కళ్లకు కట్టదు.

రెండో సమాధానం: పై పద్ధతి ‘నట్టు’తో ముగిసే సామెతలకు బాగా కుదురుతుంది. వాటిలో ఉపమానం మాత్రమే ఉంటుంది, ఉపమేయాన్ని రాసేవాళ్లే తెచ్చుకోవాలి. ఉదాహరణకు అంత చోటు కావాల్సింది అందుకే. అన్ని సామెతలకూ ఇదే అచ్చు వేయించకండి. ‘నిండు కుండ తొణకదు’ పూర్తి వాక్యం. దానికి కారణం కావాలి: అంచుదాకా నీళ్లున్న కుండలో ఊగడానికి చోటుండదు, సగం కుండలో ఉంటుంది. ఆ కారణాన్ని తెలివికీ మాటకూ అన్వయించాలి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ ప్రశ్న. ‘వంగదు’ అన్న జవాబు అందరికీ తెలుసు. చేవ తేలాక కొమ్మ వంగదు, విరుగుతుంది అన్నదాకా వెళ్తేనే పేరా ముందుకు నడుస్తుంది. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో’ ఆజ్ఞ, కాబట్టి గడువేమిటో, అది దాటితే ఏం పోతుందో చెప్పాలి. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ కూడా ఈ కోవలోదే. కాకపోతే రచ్చ అంటే ఊరిజనం కూడే చోటని ముందే చెప్పండి. గొడవ అనుకుంటే పేరా మొత్తం పక్కదారి పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా ఉపయోగంగా ఉంది. తెప్ప సామెతకు ఒక నమూనా కూడా రాసి చూపిస్తారా?

ఒకటో సమాధానం: ఇదిగోండి.

“ఏరు పొంగి పారుతున్నప్పుడు అవతలి గట్టుకు చేర్చేది తెప్ప. గట్టెక్కగానే దాన్ని తగలేసినవాడు తనను మోసినదాన్ని పోగొట్టడమే కాక తిరుగుదారినీ మూసుకున్నాడు. అవసరం తీరగానే ఆదుకున్నవారితో తెగతెంపులు చేసుకునేవారి తీరు ఇదే. ఒక రైతు బోరు ఎండిపోతే పక్క రైతు తన బోరు నీళ్లిచ్చి పైరు నిలబెట్టాడు. ఆ నీళ్ల కోసం ఇద్దరూ కలిసి పొలాల మధ్య బోదె తవ్వారు. మరుసటి ఏడు మొదటి రైతు కొత్త బోరు వేయించాడు. నీళ్లు పడగానే బోదె పూడ్చి ఆ జానెడు నేలా దున్నుకున్నాడు. వరి పొట్ట మీదుండగా అతని మోటారు కాలిపోయింది. పక్క పొలంలో నీళ్లున్నాయి, వచ్చే దారి లేదు. అడగడానికి మొహమూ లేదు.”

ఎండిన బోరు ఏరు, బోదె తెప్ప, పూడ్చడం తగలేయడం. ఇలా దేనికది జత కుదిరిందో లేదో రాసే ముందే పిల్లలచేత మార్జిన్‌లో వేయించండి. ఒకదానికి జత దొరకకపోతే ఉదాహరణే మార్చాలి.

రెండో సమాధానం: చివర ‘కాబట్టి మనమందరం’ లేకపోవడం నాకు బాగా నచ్చింది. దిద్దేటప్పుడు ఇంకో రెండు చూడండి. ‘అతని పని ఏరు దాటి తెప్ప తగలేసినట్టు.’ అని వాక్యం ఆపేస్తారు. ‘తగలేసినట్టుంది’, ‘తగలేసినట్టే అయింది’ అని క్రియతో ముగించాలి. రెండోది, బలం కోసమని ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు’ను పక్కన చేరుస్తారు. అది ఆ ఇంట్లో తింటూనే తలపెట్టే ద్రోహం. తెప్ప తగలేయడం గట్టెక్కాక జరిగేది. రెండూ ఒకే పేరాలో పెడితే ఉదాహరణలోని రైతు ఎప్పుడు తప్పు చేశాడో చదివేవారికి తేలదు.