పుట్టిన నెల రాయా, నక్షత్రం రాయా?

పాప_అమ్మ: మా పాప మొదటి పుట్టినరోజుకు చిన్న లాకెట్ చేయిద్దామని నగల దుకాణానికి వెళ్లాం. ఫిబ్రవరిలో పుట్టింది కాబట్టి అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి అన్నారు. మా అత్తగారేమో అనూరాధ నక్షత్రం, అధిపతి శని, నీలమే పెట్టాలంటున్నారు. మీ ఇళ్లలో ఎలా చేశారు? ఎంత బరువుది తీసుకోవాలి?

శనివారం: నీలం మాట ఎత్తకండి. నీలిగుడ్డలో కట్టి మూడు రాత్రులు దిండు కింద పెట్టుకోవాలి, పీడకల వస్తే పడనట్టు అని మా మామగారికి చెప్పారు. ఆ మూడు రాత్రులూ కరెంటు లేదు, ఒకటే దోమలు. నిద్రే లేనప్పుడు కల ఎక్కడిది? కల రాలేదు కాబట్టి పడిందని మధ్యవేలికి తొడిగారు. నాలుగో రోజు స్కూటరు జారి మోకాలు చిట్లింది. వేలికెక్కిన రాయిని వెనక్కి తీసుకోనన్నాడు అమ్మినవాడు. ఎనిమిదేళ్లుగా అది బియ్యం డబ్బా అడుగున ఉంది. ఆ డబ్బాలోని బియ్యం మా అత్తగారు వండరు.

లెక్కల_మాస్టారు: నెలల పట్టిక ఏ ఋషి రాశాడండీ? 1912లో అమెరికాలోని కాన్సస్ సిటీలో నగల వర్తకులు కూర్చుని ఖాయం చేసుకున్నారు. టాంజనైట్ 1967లో టాంజానియాలో బయటపడితే, 2002లో డిసెంబరు పద్దులో వేశారు. 2016లో ఆగస్టుకు స్పినెల్ తగిలించారు. అంతకుముందు ఆగస్టులో పుట్టినవాళ్ల గతి ఏమిటి?

గోదారి_గట్టు: అది వ్యాపారమైతే మన నవరత్నాల ఉంగరం ధర్మసత్రమా మాస్టారూ? అమెథిస్ట్ అంటే గ్రీకు భాషలో ‘మత్తెక్కనిది’ అని అర్థం. అది దగ్గరుంటే తాగినా కైపు ఎక్కదని వాళ్ల నమ్మకం. ఆ ఆశతోనే మా బావకు ఒకటి కొనిచ్చాం. రాయి భద్రంగానే ఉంది.

రత్నపరీక్ష: ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, తెలిసి చెబుతున్నాను. నీలానికి ఉపరత్నంగా, అంటే దాని బదులు, అమెథిస్టునే పెడతారు. అమ్మా, దుకాణం మాటా మీ అత్తగారి మాటా రెండూ నిలబడతాయి. నీలం, కెంపు రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం, రంగే తేడా. ఇక పెద్దవాళ్లకైతే 5 రత్తీలు. అంటే 5 క్యారెట్లకు కాస్త తక్కువ.

కంసాలి_ఇంటి_కోడలు: తప్పు. రత్తి అంటే గురివింద గింజ. మా మామగారి త్రాసు పెట్టెలో ఆ గింజలు ఇప్పటికీ ఉన్నాయి. గింజ ఎత్తు దాదాపు 120 మిల్లీగ్రాములు, క్యారెట్ 200. అయిదు రత్తీలంటే మూడు క్యారెట్లే.

రత్నపరీక్ష: అది బంగారం రత్తి. రాళ్ల బజారులో రత్తి 182 మిల్లీగ్రాములు. జైపూర్ వెళ్లి అడగండి.

కంసాలి_ఇంటి_కోడలు: జైపూర్ రైలెక్కగానే గురివింద లావెక్కుతుందా?

రత్నపరీక్ష: తెలియని విషయంలో వెటకారం ఎందుకు?

కంసాలి_ఇంటి_కోడలు: గురివింద తన నలుపు తానెరుగదట. ముప్పై ఏళ్ల అనుభవానికి నమస్కారం.

ముత్యాల_సరం: ముత్యం కళ తప్పితే దోషాన్ని లాగేసుకుందని అంటారు కదా. మా అమ్మ ఉంగరంలో ముత్యం సుద్దముక్కలా తయారైంది. పాతికేళ్లు అదే చేత్తో చింతపండు పిసికింది, నిమ్మకాయలు పిండింది, అంట్లు తోమింది. పులుపు తగిలితే ముత్యం కరుగుతుంది. మధ్యలో చంద్రుడేం చేశాడు?

జొన్నగిరి_చేను: మీరు కొనుక్కుంటున్నారు, మేం ఏరుకుంటున్నాం. తొలకరి పడితే మా చేలల్లో వజ్రాల కోసం ఊళ్లకు ఊళ్లే దిగుతాయి. పోయినేడు మా వేరుశనగ మొలకలన్నీ తొక్కేశారు. శుక్రుడి అనుగ్రహం ఎవరికి దక్కిందో గాని, నాకైతే విత్తనాల ఖర్చు కూడా రాలేదు.

గోదారి_గట్టు: శ్యమంతకమణి కోహినూరేనని మా తాతయ్య అనేవారు. నిజమేనా?

లెక్కల_మాస్టారు: కోహినూరు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదంటారు. శ్యమంతకం సూర్యుడు సత్రాజిత్తుకు ఇచ్చిందని భాగవతం. రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇచ్చేదట. కోహినూరు ఎవరికి బంగారం ఇచ్చింది, పోట్లాటలు తప్ప?

పాప_అమ్మ: అయ్యా, పాప దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఇప్పుడే రాయి పెట్టవచ్చా అన్నది ఎవరైనా చెబుతారా?

శనివారం: పెట్టకండి. పెద్దయ్యాక కావాలంటే మా నీలం సగం ధరకే ఇస్తాను, 4 రత్తీలు.

కంసాలి_ఇంటి_కోడలు: ఏ రత్తీలు?