విండోసు మిషన్లో ఆక్, సార్ట్ నడపాలంటే ఏది వేసుకోవాలా?

కావలి కుర్రోడు:
రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తుండా. మిషను విండోస్ 10, ర్యాము 4 జీబీ. సాయంత్రం ట్యాలీలోంచి ఏ చెరువుకు ఎన్ని బస్తాలు పోయినాయి, బాకీ ఎంత అనేది సీఎస్వీ ఫైలుగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్టు) తీస్తాం. దాన్ని రైతు వారీగా కూడి, పెద్ద బాకీ పైన వచ్చేట్టు పెట్టాలి. కాలేజీ ల్యాబులో లినక్సు మీద ఆక్ (లైన్లను గడులుగా విడగొట్టి లెక్కలేసేది), సార్ట్ (వరస పెట్టేది) తో నాలుగు లైన్లలో చేసేవాణ్ణి. ఇక్కడ ఓనరు లినక్సు వేయనీడు. విండోసులోనే ఆ లినక్సు పనిముట్లు నడిపేదానికి ఏది వేసుకోవాలా, సిగ్విన్నా, గిట్ బాషా, డబ్ల్యూఎస్ఎల్లా?

గెలాక్సీ రాయి (చీమకుర్తి):
మూడూ వద్దు తమ్ముడూ. విండోసు సొంత కమాండ్ల పనిముట్టు పవర్‌షెల్ నీ మిషన్లోనే ఉంది. ఇంపోర్ట్ సీఎస్వీ, గ్రూప్ ఆబ్జెక్ట్, మెజర్ ఆబ్జెక్ట్, సార్ట్ ఆబ్జెక్ట్ అనే కమాండ్లతో అయిపోయిద్ది. నీ ఆక్‌కు కామా కనపడితే చాలు, నరికేసిద్ది. పేరు గడిలో "రెడ్డి గారు, అల్లూరు" అని కోట్స్‌లో ఉన్నా రెండు ముక్కలే. అప్పుడు బాకీ గడిలో బస్తాలు పడతయ్.

మైపాడు గాలి:
ఆక్‌లోనే ఒక రకం గాక్, దాని 5.3 నుంచి సీఎస్వీ అని ఒక మాట చెప్తే కోట్స్ సంగతి అదే చూసుకుంటాది. 2023లోనే వచ్చిందన్నా. మీ పవర్‌షెల్ సంగతి కూడా చెప్పండి మరి. విండోసుతో వచ్చేది 5.1. దాంట్లో ఎక్స్‌పోర్ట్ సీఎస్వీకి ఎన్‌కోడింగు (అక్షరాలను ఫైల్లో రాసే పద్ధతి) చెప్పకపోతే ఆస్కీలో రాస్తాది, దాంట్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాలే. అల్లూరు అని తెలుగులో ఉంటే ఫైల్లో ఏడు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడతాయి. ఏడెందుకో లెక్కేసుకోండి, గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, అన్నీ విడిగానే.

కుర్రోడా, 4 జీబీలో డబ్ల్యూఎస్ఎల్ 2 జోలికి పోబాక. అది మిషన్లో ఇంకో మిషను, లోపల నడిచేది అసలు లినక్సు కెర్నలే. పైగా సి డ్రైవులో ఫైళ్లను అక్కణ్ణించి తెరిస్తే నత్తనడక. 2016లో వచ్చిన మొదటి డబ్ల్యూఎస్ఎల్ లినక్సు పిలుపుల్ని విండోసుకు తర్జుమా చేసేది, సి డ్రైవు పనికి అదే నయం. సిగ్విన్ 1995 నాటిది, ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రాములన్నీ పంచుకునే ఫైలు) మీద నడుస్తాది. విండోసులో ఫోర్క్ (నడిచే ప్రోగ్రాం తన నకలు పుట్టించడం) లేదు గనక అది ఎట్టాగో తిప్పలుపడి ఫోర్క్ చేస్తాది. లైనుకోసారి సెడ్‌ను (టెక్స్టు మార్చే పనిముట్టు) పిలిచే లూపు రాసినావంటే టీ తాగి రావచ్చు. పనంతా ఒక్క ఆక్‌లోనే పెట్టుకో, చాలు.

సంతపేట:
ముందు డాస్ టు యూనిక్స్ కొట్టు. తర్వాత ఏడవబాక.

కావలి కుర్రోడు:
సిగ్విన్ వేసినా. చివరి గడిలో "బాకీ" అని ఉన్నవి వెతికితే ఒక్కటీ దొరకలా. కళ్ళ ముందే ఉండాయి అవి! చివరి గడిలో అంకె ఉన్న ఫైల్లో అంకె ముందు, పేరు తర్వాత వేయమంటే పేరొచ్చి అంకె మీద ఎక్కి కూర్చుంటా ఉండాది.

సంతపేట:
చెప్పినా గదా, డాస్ టు యూనిక్స్ దీనికే. విండోసు లైను చివర రెండు గుర్తులు పెడతాది, యూనిక్సు ఒకటే. మిగిలిన ఆ గుర్తు, సీఆర్ అంటారు, నీ గడికి అతుక్కొని ఉండాది. టెర్మినలు దాన్ని చూసి లైను మొదటికి పోతాది.

గెలాక్సీ రాయి:
చూశారుగా. కనపడని ఒక గుర్తు కోసం సాయంత్రమంతా. పవర్‌షెల్లో ఈ గోలే లేదు.

మైపాడు గాలి:
ఏడు ప్రశ్నార్థకాలకు జవాబు చెప్పి మాట్లాడండి.

గెలాక్సీ రాయి:
ఎన్‌కోడింగు యూటీఎఫ్8 అని ఒక ముక్క రాస్తే పోయిద్ది. మీకు అనుభవం లేదు గనక చెప్తున్నా. మూడేళ్ల కిందట మా ఆఫీసులో ఒక కుర్రాడు గ్రానైటు బ్లాకుల కొలతలన్నీ సిగ్విన్‌లో పెట్టాడు. పొడవు, వెడల్పు, ఎత్తు ఇస్తే క్యూబిక్ మీటర్లూ ప్యాకింగు లిస్టూ వచ్చేది. బెంగళూరు పోయాడు. మిషను మార్చాం, ఆ ఫోల్డరు పోయింది. తెల్లారితే లారీలు పోర్టుకు కదలాలి. రాత్రంతా నేనూ మా గుమాస్తా ఒక్కో బ్లాకు ఎక్సెల్లో కొట్టుకుంటా కూర్చున్నాం. ఫోను చేస్తే ఎత్తలా.

మైపాడు గాలి:
ఏమనుకోబాకండి, అడుగుతుండా. ఆ స్క్రిప్టుకు ఆయనకేమిచ్చినారు?

గెలాక్సీ రాయి:
జీతం. లెక్కలు చూడటానికేగా పెట్టుకుంది.

మైపాడు గాలి:
జీతం బిల్లులు కొట్టినందుకు. స్క్రిప్టు రాసేది ఆదివారం, ఇంట్లో. నేనూ ఒక రైసుమిల్లులో రాసినా. మూడు గంటల పని పది నిమిషాలకొచ్చింది. బహుమానం ఏందంటే ఇంకో గుమాస్తాను తీసేసి ఆయన పని నా నెత్తిన పెట్టినారు. ఫోల్డరు పెన్‌డ్రైవులో కాపీ తీసిపెట్టుకోవడం కూడా బెంగళూరు పోయినోడే చెయ్యాలా?

గెలాక్సీ రాయి:
కాపీ తీయకపోవడం మా తప్పే, సరే. తీసినా నేనేం చేసేవాణ్ణి? కుర్రాడున్నప్పుడు ఓసారి తెరిచి చూశా, ఒక లైన్లో డాలర్లూ బ్రాకెట్లూ ఏటవాలు గీతలూ. పవర్‌షెల్లో పొడుగాటి ఇంగ్లీషు మాటలన్నా ఉంటయ్, తంటాలుపడి చదువుకుంటా. అది మంచిదా ఇది మంచిదా అని కాదయ్యా, రాసినోడు లేని రోజు నేను చదవగలనా లేదా అని.

మైపాడు గాలి:
ఇది ముందే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణే కాదు. నాకు మాత్రం ఆక్ కావాలా. 1977 నుంచి ఉండాది, ఈ మిల్లు పోతే ఇంకో మిల్లుకు చేత పట్టుకొని పోతా. మీకు చదవడం రావాలంటే అర్థం రాసిపెట్టమని అడగండి. ఆ పూటకు కూలీ ఇచ్చి అడగండి.

పెన్నా ఒడ్డు:
విండోసుకు బిజీబాక్స్ ఉండాది. ఒక్కటే ఎగ్జీ, ఇన్‌స్టాలు లేదు. ఆక్, సార్ట్, సెడ్ లోపలే. స్క్రిప్టు పక్కనే పెట్టుకుంటే మిషను మారినా ఫోల్డరు కాపీ చేసుకోవడమే. ఇందాకట్నుంచి చెబుదామంటే మీరు ఆగట్లా.

కావలి కుర్రోడు:
నడిచిందన్నా. సీఆర్‌ను ఆక్‌లోనే తీసేసినా. పేరు గడిలో కామా లేకుండా ఊరిని వేరే గడి చేసినా. ఏ లైను ఏం చేస్తాదో పైన తెలుగులో రాసిపెట్టినా. ఇదంతా మా ఓనరుకు చూపిస్తే జీతం సంగతి కాడికి చదివి, ఫోను నా చేతిలో పెట్టి, మేత లారీ వచ్చిందేమో చూడు పో అన్నాడు.